రేవు అక్కడే ఉంది, పోయింది దారి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లండ్‌లో బ్యాన్‌బరీకి దిగువన, ఆక్స్‌ఫర్డ్ కాలువ మీద ఒక పొలం వంతెన పక్కన మీ రెండు కుటుంబాలు ఎనిమిదేళ్ళుగా వారాంతాల్లో నారోబోట్ (సన్నటి, పొడుగాటి కాలువ పడవ) గట్టుకు కట్టుకుంటున్నారు. రోడ్డు నుంచి పొలం దారిలో వంతెన దాకా కారు తెచ్చి సామాను, పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న మీ అమ్మగారు అందరినీ అక్కడే దింపేవారు. మొదటిసారి వెళ్ళి అడిగితే పాత రైతు "సరే, గేటు మూసి వెళ్ళండి చాలు" అన్నారు. ఈ వసంతంలో పొలం చేతులు మారింది. గేటుకు తాళం పడింది, 'ప్రైవేట్' బోర్డు వచ్చింది. "మాకన్నా ముందు కూడా పడవలవాళ్ళు ఆ దారి వాడారు, అంతా కలిపితే ఇరవై ఏళ్ళు దాటుతుంది, కేసు వెయ్యొచ్చా? లేకపోతే కాలువలు చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్టుకు ఫిర్యాదు చెయ్యాలా?" అన్నది మీ ప్రశ్న.

కేసు వెయ్యకండి. మీకు బాధ కలుగుతుందని తెలిసీ ముందే చెబుతున్నాను. ఎందుకు వద్దంటున్నానో, దాని బదులు ఏం చెయ్యాలో నాకు తెలిసినంతలో రాస్తాను. ఈ కాలువల మీద పందొమ్మిదేళ్ళుగా తిరుగుతున్నాను. మీలాగే ఒక చోటు పోగొట్టుకున్నాను కూడా.

మొదట ఏం పోయిందో విడదీసి చూద్దాం. మీరు పెట్టిన ఫోటోలో పడవ టోపాత్ (ఒకప్పుడు పడవ లాగే గుర్రం నడిచిన గట్టు దారి) వైపే ఉంది. గడ్డిలో దిగేసిన రెండు మేకులు, వెనక హాథార్న్ ముళ్ళ కంచె కనిపిస్తున్నాయి. అంటే మీరు పడవ కట్టే చోటు పోలేదు. ఆ గట్టు చాలామటుకు కెనాల్ అండ్ రివర్ ట్రస్టుదే. అక్కడ 'మూరింగ్ (పడవ కట్టడం) నిషేధం' అని గానీ, ఇన్ని గంటలే అని గానీ బోర్డు లేకపోతే లైసెన్స్ ఉన్న పడవ పద్నాలుగు రోజుల వరకు ఆగొచ్చు. కొత్త యజమాని మిమ్మల్ని గట్టు మీంచి పొమ్మనలేరు. పోయిందల్లా రోడ్డుకూ గట్టుకూ మధ్య ఉన్న పొలం దారి. నీరు, గట్టు, దారి ఈ మూడింటికీ ముగ్గురు వేరు వేరు యజమానులు ఉండొచ్చు, మూడింటికీ నియమాలు వేరు. దారి గొడవ తీసుకెళ్ళి ట్రస్టుకు ఫిర్యాదు చేస్తే "అది మా భూమి కాదు" అన్న జవాబే వస్తుంది. అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

మనవాళ్ళు ఇక్కడ పొరబడటానికి ఒక కారణం ఉంది. మాది కోనసీమ. మా ఊళ్ళో కాలువ గట్టంటే సర్కారుది, ఎవరైనా నడుస్తారు, ఎవరైనా రేవులో పడవ కట్టుకుంటారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువల్లో లాకులు దాటుకుంటూ పడవలు నడిచేవి. గాలి లేనప్పుడు మనుషులే మోకు భుజాన వేసుకుని గట్టు వెంట లాగుకుపోయేవారు. అలాంటి చోట పుట్టినవాళ్ళకి కాలువ దాకా వెళ్ళే దారి కూడా ఊరందరిదే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించేది.

ఇక్కడ కథ వేరు. ఆక్స్‌ఫర్డ్ కాలువకు పార్లమెంటు చట్టం 1769లో వచ్చింది. జేమ్స్ బ్రిండ్లీ నేల వాలును బట్టి మెలికలు తిప్పుతూ గీసిన కాలువ ఇది. 1778కి బ్యాన్‌బరీ చేరింది, 1790కి ఆక్స్‌ఫర్డ్ చేరింది. తవ్వినది ప్రైవేటు కంపెనీ. వాళ్ళకు కావలసింది నీటికి కొంత వెడల్పు, పడవ లాగే గుర్రం నడవడానికి ఒక పక్కన గట్టు. చాలాచోట్ల అంతవరకే కొన్నారు. అవతలి గట్టు, దానికి ఆనుకున్న పొలం రైతు దగ్గరే ఉండిపోయాయి. అందుకే ఇవాళ్టికీ టోపాత్ ఒకవైపే ఉంటుంది. రెండోవైపును పడవలవాళ్ళు ఆఫ్‌సైడ్ అంటారు, అక్కడ యజమాని అనుమతి లేకుండా మేకు దిగెయ్యకూడదు.

మరి పొలం మధ్యలోంచి కాలువ పోతే రైతు అటు పొలానికి ఎలా వెళ్ళాలి? అందుకోసం కంపెనీ వంతెనలు కట్టి ఇచ్చింది. మీ వంతెన అలాంటిదే. దక్షిణ ఆక్స్‌ఫర్డ్ కాలువ మీద కర్రతో చేసిన లిఫ్ట్ బ్రిడ్జిలు అన్ని కనిపించడానికీ కారణం ఇదే. ఇటుక కమాను కన్నా చవకలో అయిపోయేవి. వీటిని అకామడేషన్ బ్రిడ్జి అంటారు. ఈ వంతెన ఆ పొలం కోసం పుట్టింది, దాని మీదికి వచ్చే బండిదారీ ఆ పొలానిదే. వంతెనకు ట్రస్టు నంబరు పలక ఉన్నంత మాత్రాన దారి పబ్లిక్‌ది అయిపోదు. ఆ నంబరు పలకను నమ్మి పోట్లాటకు దిగినవాళ్ళను చాలామందిని చూశాను.

ఇక ఇరవై ఏళ్ళ సంగతి. మీరు విన్న మాట నిజమే. 1980 నాటి హైవేస్ చట్టం 31వ సెక్షన్ ప్రకారం ఒక దారిని జనం ఇరవై ఏళ్ళు ఆపకుండా, హక్కుగా వాడుకుంటే దాన్ని పబ్లిక్ దారిగా ఇచ్చేసినట్టు భావిస్తారు. మెలిక అంతా 'హక్కుగా' అన్న మాటలో ఉంది. బలవంతంగా వాడి ఉండకూడదు, చాటుగా వాడి ఉండకూడదు, అనుమతితో వాడి ఉండకూడదు. మీరు వెళ్ళి అడిగారు, ఆయన సరే అన్నారు. ఆ క్షణం నుంచి మీ ఎనిమిదేళ్ళూ అనుమతి కిందికి వచ్చేశాయి. మర్యాదగా అడిగినందుకే హక్కు పోయిందంటే మనసుకు కష్టంగా ఉంటుంది. కానీ మీరు చేసింది మంచి పని, దానికి పశ్చాత్తాపపడకండి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ సెక్షన్ కింద హక్కు వచ్చేది జనానికి, ఒక కుటుంబానికి కాదు. నడిచినట్టు సాక్ష్యం ఉంటే వచ్చేది నడక దారే. కారుకు అది పనికిరాదు. పబ్లిక్ ఫుట్‌పాత్ మీద అనుమతి లేకుండా కారు నడపడం ఇక్కడ నేరం కూడా. 'మరి మాకు మాత్రమే దారి హక్కు, అంటే ఈజ్‌మెంట్, రాదా' అని అడుగుతారేమో. ఆ హక్కు భూమికి అంటుకుని ఉంటుంది. పక్కన మీకు ఒక తోటో, ఇల్లో ఉంటే దానికి దారి హక్కు అడగొచ్చు. మనకున్నది పడవ. పడవ కింద భూమి లేదు కాబట్టి అంటుకోవడానికి ఏమీ లేదు. నిజానికి నీటి మీద కూడా మనకున్నది లైసెన్సే. ఈ కాలువల మీద ఒకప్పుడున్న ప్రజల పడవ హక్కును 1968 ట్రాన్స్‌పోర్ట్ చట్టంతోనే తీసేశారు.

అయినా లాయర్ దగ్గరికి వెళ్ళకుండా మీరు ఇంట్లో కూర్చుని చూసుకోగలిగిన సంగతి ఒకటి ఉంది. బ్రిటన్ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసిన ఎక్స్‌ప్లోరర్ మ్యాప్ తీయండి. 1:25,000 స్కేలు, నారింజ రంగు అట్ట. అందులో పొలాల మధ్య ఆకుపచ్చ చిన్న గీతల వరస పబ్లిక్ ఫుట్‌పాత్, పొడుగు గీతల వరస గుర్రాలూ సైకిళ్ళూ కూడా వెళ్ళగల బ్రైడిల్‌వే. మీ వంతెన మీద గానీ, దాని దగ్గర గానీ ఆ గీతలు ఉన్నాయేమో చూడండి. తరువాత స్థానిక కౌన్సిల్ వెబ్‌సైట్‌లో డెఫినిటివ్ మ్యాప్ చూడండి. చట్టం దృష్టిలో అదే అసలు మ్యాప్. అందులో దారి ఉంటే ఇక వాదన లేదు, ఉన్నట్టే. బ్యాన్‌బరీ నుంచి దిగుతుంటే ఎక్కువ భాగం ఆక్స్‌ఫర్డ్‌షైరే గానీ, ఐనో దగ్గర నార్తాంప్టన్‌షైర్ కూడా తగులుతుంది. వంతెన ఏ కౌంటీలో ఉందో సరిచూసుకోండి.

మ్యాప్‌లో ఫుట్‌పాత్ ఉండి, దానికి అడ్డంగా తాళం వేసి ఉంటే కథ మారిపోతుంది. అప్పుడు మీరు యజమానితో మాట్లాడనక్కరలేదు. కౌన్సిల్లో రైట్స్ ఆఫ్ వే ఆఫీసర్‌కు గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాప్ మీద ఆ చోటును చూపే గుర్తు), గేటు ఫోటో, తేదీ పెట్టి మెయిల్ చెయ్యండి. పబ్లిక్ దారిని కాపాడటం కౌన్సిల్ బాధ్యత. అప్పుడు కూడా మీకు దక్కేది కాలినడకే.

యజమాని ఎవరో తెలియకపోతే, మన దగ్గర అడంగల్ చూసుకున్నట్టు, ఇక్కడ ల్యాండ్ రిజిస్ట్రీలో మ్యాప్ మీద ఆ పొలం ఎంచుకుని ఏడు పౌండ్లు కడితే టైటిల్ రిజిస్టర్ వస్తుంది. ప్లాన్ కావాలంటే మరో ఏడు. దారి మీద ఎవరికైనా హక్కులు రాసిపెట్టి ఉంటే చాలాసార్లు అందులో కనిపిస్తాయి. ఉత్తరం ఎవరి పేరున రాయాలో కూడా తెలుస్తుంది. ఆ పద్నాలుగు పౌండ్లు ఖర్చు పెట్టండి.

ఇప్పుడు నా సంగతి చెబుతాను, ఎందుకంటే ఉత్తరం గురించి నేను నేర్చుకున్నది అక్కడే.

నాకు ఇష్టమైన చోటు ఆఫ్‌సైడ్‌లో, ఒక విల్లో చెట్టు కింద ఉండేది. ఎప్పుడో ఎవరో కాంక్రీటులో పాతిన ఇనుప రింగు ఒకటి, సగం గడ్డిలో మునిగిపోయి. తాడు అందులోంచి దూర్చి వెనక్కి తెచ్చుకుంటే చాలు, రాత్రి ఏ పడవ పోయినా కదిలేది కాదు. పక్క వంతెన కమాను మూలకున్న ఇనుప పట్టీలో గుర్రాల కాలంనాటి తాళ్ళు ఒరుసుకుని పడిన గాట్లు ఉన్నాయి, వేలు పెడితే సగం వేలు దిగేది. మా అబ్బాయి చిన్నప్పుడు వాటిని లెక్కపెట్టేవాడు. పొద్దున్నే పడవ కిటికీ తీస్తే నీటి మీద పొగమంచు, అందులోంచి లకుముకి పిట్ట నీలంగా దూసుకుపోయేది. ఆ పొలం పెద్దాయన నన్ను నెలకోసారి రాత్రి ఉండనిచ్చేవారు. ఆయన పోయారు, పిల్లలు అమ్మేశారు. ఒక శుక్రవారం సాయంత్రం చీకటిపడే వేళ అక్కడికి చేరేసరికి రింగు తీసేసి ఉంది. కాంక్రీటులో తుప్పు మరక ఒకటే మిగిలింది. ఆ రాత్రి పడవను మరో రెండు లాకులు దాటించి కట్టుకున్నాను. భోజనం సయించలేదు.

మర్నాడే కొత్త యజమానికి కోపంగా ఉత్తరం రాశాను. పదకొండేళ్ళుగా వాడుతున్నాం, మాకు హక్కు ఉంది, చట్టం తెలుసు అని. వారంలో వాళ్ళ సొలిసిటర్ నుంచి జవాబు వచ్చింది, రెండు నెలల్లో గట్టు పొడవునా కంచె వచ్చింది. ఆ కంచె వేయించింది నా ఉత్తరమే అని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

ఎందుకంటే యజమానులకు భయం ఉంటుంది. ఆ భయం మన మీద కాదు, ఆ ఇరవై ఏళ్ళ సెక్షన్ మీద. పొలం కొన్న రోజునే వాళ్ళ లాయర్ చెబుతాడు, ఎవరైనా అలవాటుగా నడుస్తుంటే ఆపండి, లేకపోతే దారి అయిపోతుందని. ఎవరైనా కాలు జారి పడితే నష్టపరిహారం మీ మీదికి వస్తుందని కూడా చెబుతాడు. 'ప్రైవేట్' బోర్డులు, కౌన్సిల్లో డిపాజిట్ చేసే మ్యాప్‌లు, తాళాలు చాలావరకు ఇందుకే. మనం వెళ్ళి 'హక్కు' అన్న మాట ఎత్తితే లాయర్ చెప్పింది నిజమే అని వాళ్ళకు రుజువు దొరికినట్టే.

దీన్నే తిరగేసి చూడండి. అనుమతితో వాడిన దారికి హక్కు పుట్టదని పైన చెప్పాను కదా. అంటే రాతపూర్వకంగా అనుమతి ఇవ్వడం యజమానికే రక్షణ. మీరు వెళ్ళి "మాకు ఏ హక్కూ లేదని ఒప్పుకుంటూ సంతకం పెడతాం, మీరు ఎప్పుడు వద్దంటే అప్పుడు మానేస్తాం, సంవత్సరానికోసారి మళ్ళీ అడుగుతాం" అంటే ఆయన భయానికి మందు మీరే తీసుకెళ్ళినట్టు. ఈ మాట నాకు ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేదు. తరువాత వేరే కాలువ మీద వేరే చోట ఇలాగే రాసి అనుమతి తెచ్చుకున్నాను, ఆరేళ్ళుగా నడుస్తోంది.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. మీరు ఎవరు, పడవ పేరేమిటి, పాత యజమాని హయాంలో ఎలా వచ్చేవారు అన్నది రెండు వాక్యాల్లో చెప్పండి. మొదటి ఉత్తరంలో కారు దారి అసలు అడగకండి, నడిచి వెళ్ళడానికి మాత్రమే అడగండి. సంవత్సరంలో ఎన్ని రోజులు, పగలా రాత్రా, ఎంతమంది అన్నది లెక్కతో రాయండి. 'అప్పుడప్పుడు' అన్న మాట ఎవరికైనా అనుమానమే కలిగిస్తుంది. పడవకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంది కదా, ఆ కాగితం కాపీ జత చెయ్యండి. మీ అమ్మగారి మోకాళ్ళ సంగతి ఒక్క వాక్యంలో నిజంగా రాయండి, జాలి కోసం సాగదీయకండి. ఏడాదికి రెండు మూడు రోజులు ముందే ఫోన్ చేసి ఆవిడ ఒక్కరినీ వంతెన దాకా దింపి కారు వెనక్కి తీసుకెళ్ళిపోతాం అని, రెండో ఉత్తరంలోనో ఎదురుపడినప్పుడో అడగండి. గొర్రెలు ఈనే కాలంలో, అంటే మార్చి, ఏప్రిల్‌లలో ఆ పనిమీద వెళ్ళకండి. ఆ రెండు నెలలు రైతుకు నిద్ర ఉండదు.

జవాబు రాకపోవచ్చు. వద్దనొచ్చు కూడా. అది ఆయన భూమి. అప్పుడు గేటు ఎక్కి దూకడం, పక్కన రోడ్డు అంచున కారు వదిలెయ్యడం లాంటివి చెయ్యకండి. ఇంగ్లండ్‌లో ఊరికే నడిచి వెళ్ళడం సాధారణంగా పోలీసు కేసు కాదు, సివిల్ తగాదా మాత్రమే, ఆ మాట నిజమే. కానీ మీ తరువాత వచ్చే పడవలవాళ్ళందరి మొహాన ఆ తలుపు మూసినట్టవుతుంది.

ఈలోపు ఈ వేసవి ఎలా గడపాలో చెబుతాను. దారి లేకపోయినా ఆ చోటుకు నీటి మీంచి వెళ్ళొచ్చు. మనుషులను వేరేచోట ఎక్కించుకుని పడవలో అక్కడికి తీసుకెళ్ళండి. మీ కాలువ మీద దానికి హేఫర్డ్‌ను మించింది లేదు. ఆక్స్‌ఫర్డ్, బ్యాన్‌బరీ మధ్య రైలు మార్గంలో ఆ స్టేషను కాలువను ఆనుకునే ఉంది. రైలు దిగినవాళ్ళు కాస్త నడిస్తే నీళ్ళ దగ్గరికి వచ్చేస్తారు. రైళ్ళ వేళలు ముందే చూసుకుని, పడవను ఉదయమే అక్కడికి తెచ్చి ఉంచి, అమ్మగారిని ఎక్కించుకుని బయలుదేరండి. గంటకు నాలుగు మైళ్ళు గరిష్ఠ వేగం, కట్టి ఉన్న పడవలు కనిపిస్తే అందులో సగం. లాకు ఒక్కోదానికి పావుగంట లెక్క వేసుకుంటే మీ వంతెన దగ్గరికి మధ్యాహ్నం టీ వేళకు చేరొచ్చు. అమ్మగారు పొలం దారి గుంటల్లో కారులో ఊగుతూ రావడం కన్నా ఇలా రావడమే ఆవిడ మోకాళ్ళకు నయం.

అక్కడ కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. మీ ఫోటోలో ముందు మేకు నిటారుగా ఉంది, గట్టు అంచుకు జానెడు దూరంలో. వేగంగా ఏదైనా పడవ పోతే మట్టితో సహా పెకిలి వచ్చేస్తుంది. ఇంకొంచెం లోపలికి, పైభాగం పడవకు అవతలి వైపు వాలేలా ఏటవాలుగా దిగెయ్యండి. తెల్లటి గుడ్డ ముక్క ఒకటి కట్టండి, చీకట్లో నడిచేవాళ్ళ కాలికి తగలకుండా. తాడును మరీ బిగించకుండా ముందూ వెనకా కాస్త కోణంలో లాగి కట్టండి. గట్టుకు ఇనుప రేకులు దిగేసి ఉన్నచోట మేకులు అక్కర్లేదు, వంపు కొక్కేలు చాలు. వంతెన నోటికి మరీ దగ్గరగా కట్టకండి, మలుపు తిరిగి వచ్చే డెబ్భై అడుగుల పడవకు ముక్కు తిప్పుకునే చోటు ఉండాలి.

మీ మెసేజ్ చివర "అమ్మ వచ్చే ఏడాది మళ్ళీ అమలాపురం నుంచి వస్తుందో రాదో" అని రాశారు. అందుకే ఇంత వివరంగా రాశాను. వంతెన నంబరు ఇక్కడ పెట్టండి, పలక మీద ఉంటుంది. డెఫినిటివ్ మ్యాప్‌లో చూసి, అవతలి పొలం మీంచి గానీ ముందున్న వంతెన మీంచి గానీ నడక దారి ఉందేమో ఈ శనివారంలోగా చెబుతాను. ఉత్తరం రాశాక పంపే ముందు ఒకసారి నాకు చూపించండి.